ఒకదాని కాళ్ళు ఇంకోదాని తలకాడ

మా అత్త జర్మనీ వచ్చి కొలోన్‌లో దిగిన మూడో రోజు నుంచీ మా ఇంట్లో మామిడిపళ్ళు వెతకడం మొదలుపెట్టింది. అది ఆకులు రాలే కాలం. ఆ కాలంలో ఈ దేశంలో మామిడిపండు దొరికినా కొరికితే పచ్చి సొరకాయలా ఉంటుంది. కాని ఇంట్లో వాసన మాత్రం ఉంది. బంగినపల్లి కాయలు గడ్డిలో ముగ్గేసిన గది తలుపు తీస్తే ఎలా గుప్పుమంటుందో అలాంటి వాసన. పడకగదిలో ఉంది, బాల్కనీలో ఉంది, మా ఆయన చొక్కాల్లో ఉంది. పండు మాత్రం ఎక్కడా లేదు.

ఆ వాసన సంగతి చెప్పాలంటే ముందు మా ఆయన సంగతి చెప్పాలి.

మాది మేనరికం. అత్తంటే మా నాన్నకి అక్క. అందుకని మా ఆయన్ని ఊహ తెలిసినప్పటి నుంచీ బావా అనే పిలిచాను, పెళ్ళయ్యాక కూడా వేరే పిలుపు నోటికి రాలేదు. నేను ఏడో తరగతి దాకా చదివాను. బావ కంప్యూటర్ల చదువు చదివి ఇక్కడ ఉద్యోగంలో చేరాడు. మా మామయ్య తుని దగ్గర మా ఊళ్ళో పొద్దున్న లేస్తే చుట్ట, భోజనం కాగానే చుట్ట, పడుకోబోయే ముందు చుట్ట. చివరికి ఊపిరితిత్తులు పాడై పోయాడు. పెద్దకర్మ నాడు మా అత్త కొడుకు చెయ్యి లాగి తన నెత్తిమీద పెట్టుకుంది. "నువ్వు పొగ తాగితే నేను చచ్చినంత ఒట్టు" అంది. బావ సరేనన్నాడు. అప్పటికే బావ జేబులో సిగరెట్ పెట్టె ఉంది. నాకు తెలుసు, ఎందుకంటే ఆ చొక్కా ఉతికింది నేనే.

ఆ ఒట్టు మా ఇంట్లో మూడో మనిషిలా బతికింది. మా అత్త ఫోన్ చేసినప్పుడల్లా "ఆరోగ్యం బాగుందా" అని అడుగుతుంది, బావ బాల్కనీలో సిగరెట్ వెనక్కి పెట్టుకుని "బాగుందమ్మా" అంటాడు. తల్లికి వీసా వచ్చిందని తెలిసిన రోజున మాత్రం మంచం మీద కూలబడ్డాడు.

"అమ్మకి ఏమన్నా అయితే అది నావల్లే అవుద్దే" అన్నాడు.

"అయితే మానెయ్యి."

"మానేస్తా. కాని ఒక్కసారిగా అంటే నావల్ల కాదు."

అప్పుడు ఆఫీసులో ఎవరో చెప్పారట, సిగరెట్ బదులు బ్యాటరీతో పనిచేసే డబ్బా ఒకటి ఉంటుందని, పొగాకు కాల్చక్కర్లేదని, ఏదో ద్రవం వేడెక్కి ఆవిరి వస్తుందని, ఆ ద్రవం పళ్ళ వాసనల్లో దొరుకుతుందని. బావ మామిడి ఎంచుకున్నాడు. అక్కడే వచ్చింది ఇబ్బందంతా.

మా తమ్ముడు జీగెన్ అనే ఊళ్ళో ఎలక్ట్రికల్ మాస్టర్స్ చదువుతున్నాడు. వాడి గదిలో వాడికి వచ్చిన వంట ఉప్మా ఒక్కటే కాబట్టి శనివారాలు రైలెక్కి మా ఇంటికి వచ్చేస్తాడు. ఆ శనివారం దొండకాయ వేపుడు, పప్పుచారు చేశాను. తినగానే ముగ్గురం ఆ డబ్బాలమ్మే దుకాణానికి వెళ్ళాం. దుకాణం అతనికి ఛాతీ దాకా గడ్డం, గడ్డంలో రెండు పూసలు. బావని ఎగాదిగా చూసి "ఆన్‌ఫెంగర్?" అన్నాడు. కొత్తవాడివా అని. బావ చెవులు ఎర్రబడ్డాయి.

కొత్తవాళ్ళకి లోపల చిప్ ఉన్న డబ్బా ఇస్తారట. వేడి ఎక్కువైతే ఆపేస్తుంది, బ్యాటరీ తప్పుగా పెడితే పని చెయ్యనంటుంది. అంటే ఇంట్లో పెద్దదిక్కు లాంటిది. చిప్ లేని డబ్బాలు వేరే ఉన్నాయి. వాటిలో రెండు బ్యాటరీలు, ఒక బటన్, వేడెక్కే తీగచుట్ట, అంతే. నొక్కితే ఉన్న బలమంతా తీగలోకి పోతుంది. వద్దనేవాళ్ళు ఉండరు. అత్తగారు లేని కాపురమన్నమాట.

గడ్డం అతను చిప్ ఉన్నది తీసి బావ ముందు పెట్టాడు. బావ దాన్ని వేలితో పక్కకి జరిపాడు.

"నేను ఇంజినీర్‌ని. నాకు బేబీ సైకిలు ఇస్తాడేంటి" అన్నాడు తెలుగులో.

"నువ్వు సాఫ్ట్‌వేర్ బావా" అన్నాడు మా తమ్ముడు.

చిప్ లేని డబ్బాలు రెండు చూపించాడు గడ్డం అతను. బయటికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి, అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత. తేడా అంతా లోపల. ఒకటి సిరీస్, ఇంకోటి పారలల్. అక్కడ మొదలైంది బావకీ బావమరిదికీ. దుకాణంలో మొదలై, ట్రామ్‌లో సాగి, మళ్ళీ మా వంటింటి బల్ల దగ్గరికి వచ్చింది. ఆ రోజు ఏదీ కొనకుండానే వచ్చేశాం.

నాకు అర్థం కావాలని తమ్ముడు నీళ్ళ లెక్కలో చెప్పాడు. మేడ మీద ట్యాంకు ఉంది. దాని మీద ఇంకో ట్యాంకు ఎక్కిస్తే కింద కుళాయిలో నీళ్ళు తన్నుకుంటూ వస్తాయి. అది సిరీస్. రెండు ట్యాంకులూ పక్కపక్కన పెట్టి కలిపితే ధార మామూలుగానే ఉంటుంది, కాని ఎక్కువసేపు వస్తుంది, ఏ ట్యాంకు మీదా బరువు పడదు. అది పారలల్.

"నువ్వు చేసేది స్నానం బావా, మంటలార్పడం కాదు. నీకు పారలల్ చాలు" అన్నాడు.

"ఫిల్టర్ లేనివి తాగినోణ్ణిరా. ఆ సన్నధార నాకేం ఆనుద్ది."

"ఒకే తీగచుట్టకి సిరీస్ పెడితే కరెంట్ రెండింతలు లాగుద్ది. బ్యాటరీ తట్టుకోపోతే ఆపడానికి లోపల చిప్ లేదు."

"నేనున్నాగా."

"నా భయం అదే."

"డబ్బా వేడెక్కితే మంచిదే కదరా, చలికాలం వస్తంది."

తమ్ముడు నావైపు చూశాడు. "అక్కా, నువ్వన్నా చెప్పు."

నేను ఎవరి వైపు మాట్లాడినా రెండోవాడు అన్నం దగ్గర అలుగుతాడు. "పెరుగు వేసుకోండి" అన్నాను.

చివరికి బావ మాటే నెగ్గింది. బావమరిది మాట నెగ్గితే లోకం ఏమైపోవాలి. తర్వాతి శనివారం వెళ్ళి సిరీస్ డబ్బా తెచ్చారు. తమ్ముడు మీటర్ పట్టుకుని కూర్చుని, తక్కువ కరెంట్ లాగే తీగచుట్ట కొలిచి మరీ బిగించాడు. అది మార్చనని బావ చేత ఒప్పించాడు. బ్యాటరీలు బొటనవేలి కంటే కాస్త పొడుగు. ఒక చివర మెడలాగా చిన్న నొక్కు ఉంటుంది, అటువైపు తల. సిరీస్ డబ్బాలో ఒకదాని తల పైకి, పక్కదాని తల కిందికి పెట్టాలి. ఒకడు నిలబడితే ఇంకొకడు శీర్షాసనం వేసినట్టు. రెండూ ఒకేసారి కొన్న జంట, ఎప్పుడూ కలిపే చార్జ్ చెయ్యాలి, ఒకదాన్ని తీసి టార్చ్‌లైట్లో వెయ్యకూడదని నాకు కూడా చెప్పారు.

చెప్పొద్దూ, ఆ డబ్బా పనిచేసింది. బావ సిగరెట్ ముట్టడం మానేశాడు. పొద్దున్న దగ్గు తగ్గింది. అత్త వచ్చి వెళ్ళేలోపు ఈ డబ్బా కూడా మానేస్తాడు, ఎన్నాళ్ళనుంచో అబద్ధంగా ఉన్న ఒట్టు నిజమైపోతుంది, నాకు ఇంకేమీ అక్కర్లేదు అనుకున్నాను.

అప్పుడు వచ్చింది మా అత్త, ముక్కుతో సహా.

"ఏవే, పళ్ళు ఎక్కడ ముగ్గేశావు?"

"పళ్ళేంటత్తా?"

"నా కళ్ళు మసకేశాయి గాని ముక్కు బానే ఉంది."

బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసింది. మంచాల కింద చూసింది. కెల్లర్ చూపించమంటే తీసుకెళ్ళాను. ఇక్కడ ప్రతి ఇంటికీ కింద సామాన్లు పెట్టుకునే గది ఒకటి ఉంటుంది. అక్కడ పాత సూట్‌కేసులు వాసన చూసింది. నాలుగో రోజు తునిలో ఉన్న పెద్దకూతురితో ఫోన్లో మాట్లాడుతుంటే నేను పక్కగదిలో బట్టలు మడతపెడుతున్నాను. మా అత్త ఫోన్లో మాట్లాడితే ఫోన్ లేకపోయినా తునికి వినపడుతుంది.

"బానే చూసుకుంటంది. కాళ్ళు కూడా పడుతుంది. పళ్ళు మాత్రం దాచుకుంటంది. తమ్ముడి కూతురే కదా అని తెచ్చుకున్నాను, ఏం చేస్తాం."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి ఇష్టమని ఆనపకాయ ఎక్కడో ఊరి చివర బజారుకి పోయి తెచ్చినదాన్ని నేను.

"చెప్పెయ్యి బావా" అన్నాను ఆ రాత్రి.

"దసరా వెళ్ళనీ."

మర్నాడు బావ నాకు సాయం చేద్దామని ఎక్కడినుంచో మామిడిపళ్ళు రెండు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండోది పెట్టుకుంది. "ఇవి కావు" అంది నావైపు చూస్తూ. దానితో నా దొంగతనం రుజువైపోయింది.

డబ్బా కూడా ఒకసారి ఆవిడ కంటబడింది. "ఇదేంట్రా?" అంటే బావ తడుముకోకుండా "ఆఫీసుదమ్మా. బ్యాటరీలు టెస్ట్ చేసేది" అన్నాడు. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని ఇచ్చింది. కొడుక్కి అన్నం పెట్టే వస్తువు కదా.

దసరాకి ఆయుధపూజ ఆదివారం పెట్టుకున్నాం. తమ్ముడు ముందురోజే వచ్చాడు. పొద్దున్నే అత్త ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ పీట మీద చేర్చింది. బావ లాప్‌టాప్, మౌస్, నా మిక్సీ, కత్తిపీట, కారు తాళాలు, గోడలకి కన్నాలు పెట్టే డ్రిల్లు, తమ్ముడి మీటరు, వాటి పక్కన ఆఫీసు డబ్బా. అన్నిటికీ పసుపు, కుంకుమ. నేను వంటింట్లో గారెలు వేస్తున్నాను కాబట్టి అక్కడ జరిగింది చూడలేదు. పూజ అయ్యాక అత్త చెప్పేసింది, ఈ రోజంతా పనిముట్లు కదపకూడదు, రేపు పొద్దున్న దాకా వాటికి సెలవు అని. మిక్సీ పూజలో ఉంటే పచ్చడి ఎలాగని అడిగితే రోలు లేదా అంది. కొలోన్‌లో.

బావ మొహం చూడాలి. రేపు పొద్దున్న దాకా అంటే తనకి ఒక యుగం. ఆవిడ తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకోడానికి బాల్కనీలోకి వెళ్ళగానే పీట మీంచి డబ్బా తీసుకుని చెత్త పడేసి వస్తానని కెల్లర్లోకి దిగాడు. వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చాడు.

"చచ్చిపోయింది" అన్నాడు నా చెవిలో.

"ఎవరు?"

"డబ్బా. ఎంత నొక్కినా ఆవిరి రాలేదు. నిన్ననే చార్జ్ పెట్టా." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పూజలో పెట్టింది ముట్టుకున్నానని అంటావా?"

"నువ్వు ఇంజినీర్‌వి కదా."

డబ్బా తీసుకెళ్ళి పీట మీద యథాస్థానంలో పెట్టి, బొట్టు సరిచేసి మరీ కూర్చున్నాడు. గారె తుంచాడు, నోట్లో పెట్టుకోలేదు. కాలు ఆడిస్తున్నాడు. టీవీ పెట్టాడు, ఆర్పేశాడు. తమ్ముడు ఏదో అడిగితే కసిరాడు. కాసేపటికి చెప్పులేసుకుని "పాలు తెస్తా" అన్నాడు.

ఆదివారం ఈ దేశంలో పాలు దొరకవు. దుకాణాలన్నీ మూసేస్తారు. మా వీధి మలుపులో ఆదివారం కూడా పనిచేసేది ఒకటే, గోడకి బిగించిన సిగరెట్ల మెషీన్. కార్డు పెట్టి మీట నొక్కితే పెట్టె కింద పడుతుంది.

ఇన్నాళ్ళూ పడిన కష్టమంతా ఆ గోడ దగ్గర పోయేలా ఉంది. తమ్ముణ్ణి పిలిచి డబ్బా చూడమన్నాను. వాడు మూత తీశాడు. అయస్కాంతంతో అతుక్కునే మూత, పట్టుకుంటే ఊడొస్తుంది. లోపలికి చూసి అలాగే చతికిలబడ్డాడు.

"అక్కా, ఇవి ఎవరు పెట్టారు?"

రెండు బ్యాటరీల మెడలూ పైకే ఉన్నాయి.

"నేనే" అంది మా అత్త, తల తుడుచుకుంటూ వచ్చి. "బొట్టు పెడతంటే మూత ఊడింది. లోపల చూస్తే ఒకదాని కాళ్ళు ఇంకోదాని తలకాడ పెట్టారు. చావింట్లో కూడా అలా పడుకోబెట్టరు. తీసి ఇద్దర్నీ ఒకేవైపు తలపెట్టి పడుకోబెట్టా. తూరుపు ఎటో తెలీలేదు గాని ఉత్తరం కాకుండా చూశాను."

మా తమ్ముడికి నవ్వు ఆగలేదు. నేల మీదే దొర్లాడు. కాస్త తేరుకుని "అత్తా, ఇది సిరీస్. ఒకటి తలకిందులుగా ఉంటేనే ఒకదాని వెనక ఒకటి తోస్తాయి. నువ్వు ఒకేవైపు పెట్టేసరికి ఎదురెదురుగా తోసుకుని రెండూ ఆగిపోయినయ్. సున్నా" అన్నాడు. అంతలోనే నవ్వు ఆగి, ఏదో లెక్క వేసుకున్నాడు. "అక్కా, ఇది పారలల్ డబ్బా అయ్యుండి, ఎవరైనా ఒకటి తిప్పి పెట్టుంటే ఆగేది కాదు. మండేది." మళ్ళీ ఆలోచించాడు. "కాని పారలల్లో రెండు తలలూ ఒకేవైపు ఉంటాయి. అత్త అసలు ముట్టుకునేదే కాదు."

నేను అప్పటికి మెట్ల మీద ఉన్నాను.

"ఎక్కడికే?" అని వెనకనుంచి అత్త. నేను ఆగలేదు. ఆవిడా ఆగలేదు. తడిజుట్టు, పట్టుచీర, మీద నా చలికోటు, కాళ్ళకి బావ బూట్లు.

బావ మెషీన్ ముందు నిలబడి ఉన్నాడు. కార్డు చేతిలో ఉంది, పెట్టలేదు. పెట్టేవాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు, నేను అడగలేదు.

"బ్యాటరీలు బానే ఉన్నాయి బావా. తలకిందులు చేశారంతే, తమ్ముడు సరిగ్గా పెడతన్నాడు" అని నేను రొప్పుతూ చెప్తుండగానే వెనక బూట్ల చప్పుడు వినపడింది. బావ మొహం పాలిపోయింది.

"ఇదేంట్రా గోడకి?" అంది అత్త.

"ట్రామ్ టికెట్లమ్మా."

ఆవిడ మెషీన్ దగ్గరికి వెళ్ళి బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. ఆవిడకి జర్మన్ రాదు, తెలుగు కూడా కూడబలుక్కుని చదువుతుంది. కాని సిగరెట్ పెట్టెని గుర్తుపట్టడానికి అక్షరాలు అక్కర్లేదు. చుట్టలు చుట్టే ఇంట్లో పుట్టిన మనిషి, వాళ్ళమ్మ నిప్పు నోట్లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తుంటే చూస్తూ పెరిగిన మనిషి.

"సరే, తీసుకో టికెట్టు" అంది. "ఎక్కడికెళ్తావో నేనూ వస్తా."

బావ కార్డు జేబులో పెట్టేశాడు. తల వంచుకుని మొత్తం చెప్పాడు. ఒట్టు నాటి జేబు దగ్గర్నుంచి బాల్కనీ, డబ్బా, మామిడి వాసన దాకా. "నీకేమన్నా అవుద్దని రోజూ భయమేనమ్మా" అన్నాడు. నలభై దాటిన మనిషి, మలుపులో నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు. కుక్కని తిప్పుకుంటున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి అవతలి వైపుకి దాటాడు.

అత్త అడిగింది, "అయితే పళ్ళు లేవా?"

"లేవమ్మా."

నావైపు తిరిగింది. "మరి అన్నన్ని మాటలు అంటంటే నోరు మూసుకుని పడ్డావేంటే?"

"నీ కొడుకే కదత్తా, ఏం చెప్పను."

"నా తమ్ముడి బుద్ధులే వచ్చాయి నీకు" అంది. మా నాన్నని ఆవిడ తిట్టే తిట్లలో అది మెచ్చుకోలు. తర్వాత కొడుకు చెయ్యి తీసుకుని తన నెత్తిమీద ఒకసారి పెట్టి, తీసి, మెషీన్ మీద పెట్టింది. "ఆ ఒట్టు తీసి గట్టుమీద పెడతన్నా. ఇక నా చావు నీ నెత్తిన లేదు. నీది నువ్వు చూసుకో. కాని ఆ డబ్బా ఇకనుంచి నా దగ్గరుంటది. పదండి, గారెలు గట్టిపడతాయి."

మర్నాడు సాయంత్రం దుకాణానికి ఆవిడ కూడా వచ్చింది. గడ్డం అతను ఆవిడకి కుర్చీ వేశాడు. తలలు ఒకేవైపు ఉండే డబ్బా ఏదో అది ఇవ్వమంది. ఆ విధంగా మా ఇంటికి పారలల్ వచ్చింది. మా తమ్ముడికి ఫోన్ చేసి నీ మాటే నెగ్గిందిరా అంటే వాడు సంతోషించలేదు.

"నేను రెండు వారాలు వోల్టులు, ఓములు చెప్తే వినలేదు. తల ఎటు పెట్టి పడుకోవాలో చెప్తే విన్నారు. నేను ఎందుకు చదువుతున్నానక్కా?"

డబ్బా దేవుడి అలమరలో ఉండేది. బావకి కావాలంటే తల్లిని అడగాలి. "అమ్మా, ఒకసారి" అనాలి. ఆవిడ మూత తీసి తలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఇచ్చేది. పక్కనే నిలబడేది. నాలుగు పీల్పులయ్యాక చెయ్యి చాపేది. దుకాణంలో చిప్ వద్దన్న మనిషికి ఇంట్లోనే చిప్ దొరికింది. నలుగురు స్నేహితులు వచ్చినప్పుడు అమ్మని అడగడానికి సిగ్గుపడి మానేసేవాడు. ఆఫీసు నుంచి అలిసి వచ్చి, ఆవిడ కునుకు తీస్తుంటే లేపడానికి మనసొప్పక మానేసేవాడు. అలా ఒకరోజు అడగనే లేదు, తర్వాతి రోజూ అడగలేదు. ఇంట్లో మామిడి వాసన పల్చబడి పల్చబడి చివరికి పోపు వాసన ఒక్కటే మిగిలింది.

అది మా అత్తకి నచ్చలేదు. "ఇల్లు బోసిపోయిందే" అంది.

ఆవిడ వెళ్ళే రోజు నేను పెట్టె సర్దాను. చీరల మధ్యలో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే ఆ మామిడి ద్రవం ఖాళీ సీసా, కడగకుండా మూత గట్టిగా బిగించి ఉంది. నేను మళ్ళీ చీరల మధ్య పెట్టేశాను.

వేసవిలో ఫోన్ చేసింది. బావ ఆరోగ్యం అడగలేదు. తోటలోంచి బంగినపల్లి కాయలు వచ్చాయట, ఇల్లంతా ముగ్గేసిందట.

"ఎలా ఉన్నాయత్తా?" అన్నాను.

"తీపి బానే ఉంది" అంది. "వాసన మాత్రం మీ ఇంట్లో వచ్చినంత రాట్లేదే."